గిల్టు పడని ఒళ్ళు

మా మేనత్త మెడ చుట్టూ ఒక నల్లని చార ఉండేది. గొలుసు తీసేసినా గొలుసు ఉన్నట్టే కనిపించేది. చిన్నప్పుడు సెలవులకు చల్లపల్లి దగ్గర వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడల్లా నేను ఆ చారను చూస్తూ ఉండేవాణ్ణి. ఆవిడ నా చూపు గమనించి పైట కొంగును మెడ చుట్టూ లాక్కునేది. నడివేసవిలో, రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండలో కూడా ఆ కొంగు మెడ దిగేది కాదు. ఆడవాళ్ళ నగల గురించి మగవాడు రాయడమేమిటని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. నాకు ఆ చార చరిత్ర తెలుసుకోవడానికి నలభై యేళ్ళు పైగా పట్టింది.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేలమంది ప్రాణాలు పోయాయి. వాటి ముందు ఒక ఇంటి నగలు ఏపాటివి? కానీ బ్రతికినవాళ్ళు మళ్ళీ బ్రతకాలి కదా. కోతకొచ్చిన వరి ఉప్పునీళ్ళ పాలయింది. పశువులు పోయాయి. మళ్ళీ సాగు మొదలుపెట్టడానికి అత్తయ్య నానుతాడు, చెవుల బుట్టలు, రెండు పేటల గొలుసు తాకట్టుకు వెళ్ళాయి. పుస్తెలు మాత్రం పసుపుతాడు మీద మిగిలాయి. నాలుగు నెలలకు బంధువులింట పెళ్ళి. బోసి మెడతో, బోసి చెవులతో వెళితే ఇంటి పరువేం కావాలి? ఏదో తిరునాళ్ళలో కొన్న గిల్టు గొలుసు, గిల్టు బుట్టలు వచ్చాయి. ఆ వేసవిలోనే మెడ మీద దురద మొదలైంది. తర్వాత చిన్న చిన్న నీటి పొక్కులు, రసి, పక్కు కట్టడం. చివరికి ఆ నల్లచార.

మన భాషలో దీనికి చక్కని మాట ఉంది: "పడదు". వంకాయ పడదు, చన్నీళ్ళు పడవు, గిల్టు పడదు. వైద్యశాస్త్రం అలర్జీ అన్న మాటను పుట్టించింది 1906లో, ఆస్ట్రియా వైద్యుడు పిర్కే చేత. మన ఇళ్ళలో "పడదు" అన్నది అంతకు ఎంత ముందునుంచి ఉన్నదో! అయితే వంకాయ పడదని నలుగురిలో చెప్పినంత సులువుగా గిల్టు పడదని చెప్పడానికి వీల్లేదు. కలిగినవాళ్ళ ముందు చెబితే, గిల్టు వేసుకున్నానని ఒప్పుకున్నట్టు. లేనివాళ్ళ ముందు చెబితే, "అబ్బో, ఈవిడ ఒంటికి బంగారం తప్ప పడదు కాబోలు" అని మూతి విరుపు. ఒక పక్క పేదరికం బయటపడుతుంది, ఇంకో పక్క అహంకారం అంటగడతారు. అందుకే అత్తయ్య రెండూ చెప్పలేదు. కొంగు కప్పుకున్నది.

చెప్పకపోయినా ఊరికి తెలిసింది. బంగారమే అయితే మెడ ఎందుకు కమిలిందని చెరువుగట్టున అనుకున్నారట. ఇంట్లో మాత్రం మరో వ్యాఖ్యానం నడిచింది. ఒంటిమీద పొక్కులంటే సర్పదోషమని మా వైపు నమ్మకం. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడి అక్కడికి దగ్గరే. అత్తయ్య మంగళవారాలు ఉపవాసముండి మోపిదేవిలో ప్రదక్షిణలు చేసింది. గుడికి వెళుతూ నగలు పెట్టుకోకుండా ఎలా వెళుతుంది? అదే గిల్టు గొలుసు వేసుకుని, చెమటలు కక్కుతూ తిరిగింది. దోషం పెరిగింది.

ఇక ఈ గిల్టు కథ. కృష్ణాజిల్లాలో పుట్టినవారికి గిల్టు అనగానే చిలకలపూడి గుర్తొస్తుంది. విజయవాడ నుంచి బందరు వెళ్ళే రైలెక్కితే ఊరు చేరేముందు వచ్చే స్టేషను అది. పాండురంగస్వామి గుడికి ఎంత పేరో, రోల్డుగోల్డు నగలకూ అంత పేరు. "చిలకలపూడి బంగారం" అని మా వైపు వెటకారంగా అనడం విన్నాను గాని, ఆ వెటకారం ఆ పనివాళ్ళకు అన్యాయం చేస్తుందని ఇప్పుడు నా అభిప్రాయం. బందరు ఒకనాడు మహా రేవు. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో వచ్చి దిగిన చోటు. 1864 నవంబరులో వచ్చిన ఉప్పెనలో ముప్పైవేలమంది పోయారంటారు. ఆ రేవు వెలుగు తగ్గిన ఊరికి బ్రతుకుతెరువు చూపించిన పనుల్లో కలంకారీతో పాటు ఈ నగల పని ఒకటి. స్వాతంత్ర్యానికి ముందటి తెలుగు పత్రికల్లోనే బందరు గోల్డ్ కవరింగ్ నగల ప్రకటనలు కనిపిస్తాయి. ఇప్పుడు ఊరి పక్కన పోతేపల్లిలో ఈ పరిశ్రమకోసం ప్రత్యేకంగా జ్యూయలరీ పార్కే ఉంది.

రోల్డుగోల్డు అంటే ఉత్త పూత కాదు. రాగి మీదో ఇత్తడి మీదో పలుచని బంగారు రేకును వేసి, వేడితోనూ ఒత్తిడితోనూ రెండూ ఏకమయ్యేలా అతికిస్తారు. తర్వాత దాన్ని సాగదీసి తీగగా, రేకుగా మలుచుకుంటారు. పైన ఉన్నది పలుచనిదైనా నిజమైన బంగారమే. అరిగితే కింది రాగి బయటపడుతుంది. చెమట తగిలితే చర్మం మీద పచ్చని మరక పడుతుంది. అది కడిగితే పోయే మరక, జబ్బు కాదు. రాగి పడనివాళ్ళు లేకపోలేదు గాని చాలా అరుదు.

చిక్కంతా విద్యుత్తుతో పూత పూసే పద్ధతి చవకబడ్డాక వచ్చింది. ఎలక్ట్రోప్లేటింగులో రాగి మీద నేరుగా బంగారం పూస్తే కాలక్రమాన రాగి అణువులు పైకి చొచ్చుకువచ్చి పూత మాడుతుంది. ఆ రెంటికీ మధ్య అడ్డుగోడగా, పైగా మంచి మెరుపు కోసం, నికెల్ పూత వేయడం ప్రపంచమంతటా ఈ వృత్తిలో వాడుక. పై బంగారం మైక్రాన్లో చిన్నభాగం మందమే. కొద్ది నెలల రాపిడికి అది పోతుంది. అప్పుడు మెడకు తగిలేది నికెల్. చెమటలోని ఉప్పుకు నికెల్ కొద్దికొద్దిగా కరిగి చర్మంలోకి దిగుతుంది. మన డెల్టా ఉక్కపోత సంగతి చెప్పాలా! మా తాతమ్మల కాలపు రాగి గిల్టు మరకలు చేసింది. తర్వాతి తరపు నికెల్ గిల్టు పుళ్ళు చేసింది. "పూర్వం లేని రోగాలు" అని పెద్దవాళ్ళు సణిగితే కొట్టిపారేస్తాం గాని, ఈ ఒక్క విషయంలో వాళ్ళ మాట చాలావరకు నిజం.

ఎందుకంటే నికెల్ అన్న లోహం మనకు కొత్త. దాన్ని విడిగా గుర్తించినదే 1751లో, స్వీడనులో క్రోన్‌స్టెట్. జర్మను గనికార్మికులు ఆ ఖనిజాన్ని చూసి రాగి అనుకుని కరిగించి, రాగి రాక, గనిలోని దయ్యం మోసం చేసిందని తిట్టుకుంటూ పెట్టిన పేరట అది. మోసం ఆ లోహం పేరులోనే ఉంది! మనదేశంలో సామాన్యుడి చేతికి అది 1907లో రాగి, నికెల్ కలిసిన అణా రూపంలో వచ్చింది. 1947లో రూపాయి బిళ్ళే అచ్చపు నికెల్ అయింది. జర్మన్ సిల్వర్ అని మనం మురిసే కుంకుమభరిణెల్లో, పళ్ళేల్లో వెండి చుక్క కూడా లేదు: రాగి, తుత్తునాగం, నికెల్.

బంగారం నుంచి గిల్టుకు మన ఆడవాళ్ళను నెట్టినవి కరువులు, ఉప్పెనలు మాత్రమే కావు. చైనా యుద్ధం తర్వాత 1963 జనవరిలో మొరార్జీ దేశాయి ఆర్థికమంత్రిగా తెచ్చిన బంగారు నియంత్రణ నిబంధనలు, 14 కారట్లకు మించిన నగ కొత్తగా చేయడాన్నే నిషేధించాయి. స్వర్ణకారుల ఇళ్ళలో కుంపట్లు ఆరిపోయాయి. ఆత్మహత్యలు జరిగాయి. 14 కారట్ల హద్దును 1966లో ఎత్తివేసినా, 1968 చట్టం రూపంలో నియంత్రణ 1990 దాకా సాగింది. కంసాలి కుంపటి ఆరిన చోట గిల్టు అంగడికి గిరాకీ పెరగకుండా ఎలా ఉంటుంది?

ఈ జబ్బును మొదట అనుభవించింది నగలు వేసుకున్నవాళ్ళు కాదు, చేసినవాళ్ళు. 1889లో బెర్లిన్ వైద్యుడు బ్లాష్కో, నికెల్ పూతపని చేసే కార్మికుల చేతుల మీది తామర వంటి పుళ్ళను గురించి రాశాడు. 1895లో యాడాసోన్ అనే వైద్యుడు, అనుమానించిన పదార్థాన్ని చర్మానికి అంటించి చూసే ప్యాచ్ పరీక్షకు దారి వేశాడు. తర్వాత ఐరోపాలో మేజోళ్ళ కొక్కేలు, జీన్సు బొత్తాలు, చెవిపోగులు ఒక్కొక్క తరంలో ఒక్కొక్కచోట పుళ్ళు పుట్టించాయి. డెన్మార్కు ముందుగా చట్టం చేసింది. 1994లో ఐరోపా సమాఖ్య, ఒంటికి అంటుకుని ఉండే వస్తువు నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాముకు మించి నికెల్ ఊడరాదని ఆదేశం తెచ్చింది. దాని దరిమిలా అక్కడ చెవులు కుట్టించుకున్న అమ్మాయిల్లో ఈ జబ్బు తగ్గింది. మనకు 2021 నుంచి బంగారు నగలకు హాల్‌మార్కు తప్పనిసరి అయింది. అది కొన్నది నిజమైన బంగారమో కాదో చెబుతుంది. బంగారం కొనలేనివాళ్ళ మెడకు ఏమి తగులుతోందో అది చెప్పదు. బీసెంటు రోడ్డు తోపుడుబండి మీద వందరూపాయల జుంకాలు కొనే పిల్లకు హాల్‌మార్కుతో పనేమిటి?

అన్నట్టు, చెవులు. మన పెద్దలకు నికెల్ తెలియదు గాని చెవులు కుట్టే పద్ధతిలో వాళ్ళకు తెలియని జాగ్రత్త ఒకటి ఇమిడి ఉంది. కంసాలి సన్నని బంగారుతీగతోనే పిల్లచెవి కుట్టి, ఆ తీగనే చుట్టి వదిలేవాడు. పచ్చిగాయానికి తగిలేది 22 కారట్ల బంగారం. అందులో కలిసేవి వెండి, రాగి. రంధ్రం పూడిపోకుండా చీపురుపుల్లో వేపపుల్లో పెట్టేవారు. ఒంటికి నికెల్ మొదటి పరిచయం పచ్చిగాయం ద్వారా జరిగితే, శరీరం దాన్ని శత్రువుగా గుర్తు పెట్టుకోవడం తేలిక. ఒకసారి గుర్తు పెట్టుకున్నదా, ఇక జన్మంతా మరవదు. మళ్ళీ తగిలినప్పుడు ఒకటి రెండు రోజులు ఆగి తిరగబడుతుంది. ఈ ఆలస్యం వల్లనే చాలామందికి కారణం అంతుపట్టదు. పెళ్ళిలో పెట్టుకున్న నగను వదిలి, పెళ్ళిలో తిన్న వంకాయను తిడతారు. పుస్తకాల్లో ఇది ఎర్రని మచ్చ అని ఉంటుంది. మన చామనచాయ ఒంటి మీద ఎరుపు అంతగా కనపడదు. మానిన తర్వాత నలుపు మిగులుతుంది. అత్తయ్య చార అదే.

నాలుగేళ్ళకు తాకట్టు విడిపించారు. గిల్టు అటకెక్కింది. చెవులు మానాయి, మెడ చార ఏళ్ళమీద పలచబడింది. కానీ గుండెల మీద, పుస్తెలు వేలాడే చోట, అరచేయంత మేర దురద మాత్రం పోలేదు. అసలు బంగారం వచ్చాక కూడా పోలేదంటే ఇది దోషం కాక మరేమిటని ఇంట్లోవాళ్ళు తీర్మానించారు. అత్తయ్యా నమ్మింది.

మూడేళ్ళ క్రితం మా అమ్మాయికి కొత్త వాచీ పట్టీ కింద అచ్చం అలాంటి పొక్కులే వచ్చాయి. విజయవాడలో చర్మవైద్యురాలు వీపు మీద ప్యాచ్‌లు అంటించి, నలభై ఎనిమిది గంటలకు తీసి, మరో రోజు తర్వాత మళ్ళీ చూశారు. వాసెలీన్‌లో అయిదు శాతం నికెల్ సల్ఫేటు కలిపి పెట్టిన గడి ఒక్కటే పొంగింది. మందుకన్నా ముఖ్యం ఆ లోహం తగలకుండా చూసుకోవడమేనన్నారు. పిల్ల రసాయనశాస్త్రం చదివింది, ఊరుకుంటుందా? డైమీథైల్ గ్లయాక్సిమ్ పరీక్షసీసాలు తెప్పించింది. దూదిపుల్లను ఆ మందులో ముంచి వస్తువు మీద అరనిమిషం రుద్దితే, నికెల్ ఊడే వస్తువైతే దూది గులాబీరంగుకు తిరుగుతుంది. 1905లో చుగాయెవ్ అనే రష్యను శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన రంగు అది. రెండురోజులు ఇంట్లో తాళంచెవులు, గరిటెలు, బెల్టు బకిల్సు ఏవీ వదల్లేదు.

సంక్రాంతికి అత్తయ్య వచ్చింది. పిల్ల ఆవిడ పుస్తెలు రుద్దింది: దూది తెల్లగానే ఉంది. నానుతాడు: తెల్లగానే ఉంది. ఆ తాడుకు గుత్తిగా వేలాడుతున్న పిన్నీసులు రుద్దింది. దూది గులాబీపువ్వయింది.

పుస్తెలకు పిన్నీసులు తగిలించుకోని తెలుగు ఇల్లాలు మా ఇళ్ళలో లేదు. చెప్పు తెగినా, రవిక హుక్కు ఊడినా, పిల్లవాడి కాలిలో ముల్లు దిగినా చెయ్యి అక్కడికే పోతుంది. ఆ పిన్నీసుల మెరుపు నికెల్ మెరుపు. గిల్టు దిగిపోయినా అవి నలభై యేళ్ళుగా అక్కడే ఉన్నాయి.

అత్తయ్య ఆ దూదిపుల్లను అటూ ఇటూ తిప్పి చూసింది. "అయితే ఒరేయ్, దోషం పిన్నీసులదంట్రా? మరి నాచేత అన్ని మంగళవారాలు తిప్పారు కదరా?" అన్నది. నేనేం చెప్పను? అంతలోనే, "పోనీలే, స్వామి దర్శనమన్నా అయింది" అని తనే సర్దుకుంది.

పిన్నీసులు ఒక్కొక్కటే తీసి ప్లాస్టిక్ డబ్బాలో వేసింది. మర్నాడు మనవడి కాలిలో ముల్లు దిగితే, అలవాటుగా చెయ్యి గుండెల మీదికి పోయి, వెతుక్కుని, ఆగింది. "ఆ డబ్బా ఎక్కడ పెట్టావే?" అని మా అమ్మాయిని కేకేసింది.