మహారాజ్యముల పోటీ – మన వాకిటి కారు

వార్తాపత్రికల మొదటి పుటయందు అగ్రరాజ్యముల వైరమును గూర్చిన వార్తలుండును. లోపలి పుటలలో క్రొత్త కార్ల ప్రకటనలుండును. రెండింటిని ఒక్క కూర్చుండుటలో చదివినవారు సైతము వానికి పరస్పర సంబంధము కలదని సాధారణముగా తలపరు. మేము కొంతకాలముగా ఈ సంబంధమునే వెదకుచున్నాము. గడచిన తొంబదియేండ్ల చరిత్రను తిరుగవేయగా, సామాన్య గృహస్థుడు ఏ కారు కొనవలెను, ఎంతకు కొనవలెను, ఎన్నేండ్లు వేచియుండవలెను అను విషయములను అతడెన్నడును చూడని రాజధానులలోని మంతనములే పెక్కుమారులు నిర్ణయించినవని మాకు తోచినది. ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్లు విరిగినట్లని మన పెద్దలు చెప్పిన సామెత ఇందులకు కొంతవరకు సరిపోవును. కొంతవరకే యని ఎందులకు అనుచున్నామో ముందు తెలియగలదు.

ఈ కథ కారుతో గాక రేడియోతో మొదలగుచున్నది. 1933లో జర్మనీయందు హిట్లరు ప్రభుత్వము ‘ప్రజల రేడియో’ అను పేరున 76 మార్కుల వెలకు ఒక చౌక పెట్టెను అంగడికి తెచ్చెను. ప్రభుత్వవాణిని ఇంటింటికి చేర్చుటయే దాని పరమప్రయోజనము. ఆ రేడియో నిజముగనే ఇండ్లకు వచ్చినది. తరువాత వాగ్దానము చేయబడిన ‘ప్రజల కారు’ మాత్రము రాలేదు. 1938 మే నెలలో ఫాలర్స్‌లేబెన్ సమీపమున ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగినది. ఫెర్డినాండ్ పోర్షె రూపకల్పన చేసిన ఆ కారు వెల 990 మార్కులని ప్రకటించిరి. వారమునకు కనీసము 5 మార్కుల బిళ్ల కొని పుస్తకములో అంటించుచు పోయినవారికి కడపట కారు లభించునని చెప్పిరి. 3 లక్షల 30 వేలకు పైబడిన జనులు ఆ మాట నమ్మి బిళ్లలంటించిరి. ఇంతలో యుద్ధము వచ్చినది. ఆ ఫ్యాక్టరీ సైన్యమునకు బండ్లు చేసినది. అందు పనిచేసినవారిలో అత్యధికులు బలవంతముగా పట్టితెచ్చిన కూలీలు. బిళ్లలంటించినవారిలో ఒక్కరికైనను కారు అందలేదు. యుద్ధానంతరము కొందరు న్యాయస్థానముల కెక్కగా, 1961లోగాని రాజీ కుదరలేదు. అప్పుడును వారికి లభించినది క్రొత్త కారు వెలలో కొంత తగ్గింపో, స్వల్పమైన రొక్కమో మాత్రమే.

రాజ్యము తన ప్రాభవమునకై ప్రజలకు వస్తువును వాగ్దానము చేసినపుడు, ఆ వస్తువు ప్రజలకొరకో, ప్రాభవముకొరకో విచారింపవలెనని ఈ ఉదంతము మనకు నేర్పుచున్నది.

అయితే ఆ కారు చావలేదు. 1945లో ఆ ఫ్యాక్టరీ బ్రిటిషువారి ఆధీనమునకు వచ్చెను. ఐవాన్ హర్స్ట్ అను సైనిక మేజరు శిథిలములనడుమ మరల పని ప్రారంభింపజేసెను. జర్మనీ రెండు ముక్కలై, తూర్పు పడమరల నడుమ శీతలయుద్ధము ముదిరినకొలది, పశ్చిమజర్మనీ త్వరగా కోలుకొనుట పాశ్చాత్యరాజ్యములకు అవసరమైనది. 1955 ఆగస్టునాటికి పదిలక్షలవ ఫోక్స్‌వాగన్ కారు వెలువడెను. 1972లో అది ఫోర్డువారి ‘మోడల్ టి’ నెలకొల్పిన కోటిన్నర సంఖ్యను దాటినది. ఒక నియంత మాటయిచ్చి తప్పిన కారును, అతనిని ఓడించినవారే లోకమునకు అందించిరి.

సరిహద్దునకు ఆవల, తూర్పుజర్మనీలో, మరియొక కారు పుట్టినది. 1957లో త్స్వికావు పట్టణమున ‘ట్రబాంట్’ తయారీ మొదలయ్యెను. ఉక్కు కొరతచే దాని పైతొడుగును ప్రత్తివ్యర్థములు, రాళము కలిపి అచ్చొత్తిన పలకలతో చేసిరి. నూనె కలిపిన పెట్రోలుతో నడచు దాని చిన్న ఇంజను నీలిపొగను విడుచుచుండెను. కాని అసలు కష్టము పొగ గాదు, నిరీక్షణ. పేరు నమోదు చేసికొనిన పదియేండ్లకు పైగా వేచియుండిన కుటుంబములు సామాన్యము. అందుచే చేతికి వెంటనే దొరకు పాత కారు, క్రొత్తదానికంటె ఎక్కువ వెల పలికెను. కొనబోయిన కొరివి, అమ్మబోయిన అడవి యను మన సామెత అచ్చట అమ్మువాని విషయమున తలక్రిందులైనది. సుమారు 30 లక్షల కార్లు వెలువడిన పిదప, గోడ కూలి, దేశమొకటై, 1991లో ఆ ఫ్యాక్టరీ ట్రబాంటును ఆపివేసెను. ముప్పదియేండ్లకు పైగా ఆ కారు రూపము పెద్దగా మారకుండుటకు కారణము పనివారి అసమర్థత గాదని మా అభిప్రాయము. కొనువానికి వేరొక దారి లేనిచోట, చేయువానికి మార్పు అవసరము లేదు.

1959 జూలైలో మాస్కోలోని సొకోల్నికీ ఉద్యానమున అమెరికా ప్రదర్శనశాల యందు నిక్సను, క్రుశ్చేవు వంటింటి పరికరముల నెదుట నిలిచి వాదులాడిరి. ఏ వ్యవస్థ గృహిణికి మేలు చేయునను వాదమది. అణ్వస్త్రములు గల రెండు రాజ్యముల పెద్దలు బట్టలుతుకు యంత్రమునుగూర్చి మాటాడుట చూచి నవ్వినవారు కలరు. మాకు మాత్రము అది శుభసూచకముగానే కనబడుచున్నది. ఫిరంగులతో గాక పొయ్యిలతో పోటీపడుట మేలు గదా! అయినను, ప్రతివాడును సొంత కారు కలిగియుండనక్కరలేదనియు, అద్దెకార్ల వ్యవస్థ చాలుననియు క్రుశ్చేవు తలంచెను. అతడు 1964లో పదవి కోల్పోయిన పిదప ఆ భావము మారినది. 1966లో సోవియట్ ప్రభుత్వము ఇటలీలోని ఫియట్ సంస్థతో ఒడంబడిక చేసికొనెను. ఓల్గా నదీతీరమున, ఇటలీ కమ్యూనిస్టు నాయకుడైన తొల్యాత్తి పేర వెలసిన నగరమున ఫ్యాక్టరీ నిర్మించిరి. 1970 ఏప్రిలులో తొలి ‘జిగులీ’ వెలువడినది. మూలము ఫియట్ 124. రష్యాదేశపు గతుకుల దారులకు తగినట్లు దానిని నేలనుండి ఎత్తుచేసిరి. చలిలో ఇంజను మేలుకొననిచో చేతితో త్రిప్పుటకు వీలు కల్పించిరి. ఎగుమతికి అదియే ‘లాడా’. ఆ వంశపు కార్లు 2012 వరకు వెలువడుచునే యుండినవి. శీతలయుద్ధము నడుమనే, పెట్టుబడిదారీ దేశపు కారు సామ్యవాదదేశపు ఇంటిబండి యయ్యెను. రాజ్యముల మాట యొకటి, అంగడి బాట యొకటి.

అగ్రరాజ్యముల వైరము ఒక్కొక్కపుడు మేలును చేయును. 1956 జూలైలో ఈజిప్టు నాయకుడు నాసరు సూయజుకాలువను జాతీయము చేసెను. బ్రిటను, ఫ్రాన్సు, ఇజ్రాయెలు దండెత్తగా, అమెరికా, సోవియట్ యూనియను ఉభయులును వ్యతిరేకించిరి. కాలువ మూతపడి, బ్రిటనులో డిసెంబరునుండి మరుసటి మే వరకు పెట్రోలునకు రేషను వచ్చినది. అప్పుడు పెట్రోలు తక్కువ త్రాగు చిన్న కారొకటి కావలెనని బ్రిటిష్ మోటార్ సంస్థ తన రూపశిల్పి ఆలెక్ ఇసిగోనిసును కోరినది. 1959 ఆగస్టులో ‘మినీ’ వచ్చెను. పొడవు పది అడుగులే. కాని ఇంజనును అడ్డముగా అమర్చి, ముందుచక్రములకే బలమిచ్చుటచే లోపల నలుగురు కూర్చుండుటకు చోటు మిగిలినది. నేటి చిన్న కార్లలో అత్యధికము ఆ అమరికనే అనుసరించుచున్నవి. మన మారుతి 800లోను ఇంజను అడ్డముగానే యుండెను. ఒక కాలువ మూత ప్రభావము ఇరువదియైదేండ్ల పిదప మన వాకిటి వరకు వచ్చినదన్నమాట.

జపాను కథయు ఇట్టిదే. 1950లో టొయోటా సంస్థ అప్పులలో మునిగి, సమ్మెతో సతమతమై, స్థాపకుడు కీచిరో టొయోడా పదవి వీడెను. ఆ జూనులోనే కొరియా యుద్ధము ప్రారంభమైనది. అమెరికా సైన్యము కొన్ని వేల ట్రక్కులు కావలెనని జపానులో కొనగా, సంస్థ బ్రదికినది. 1973లో అరబ్బుదేశములు చమురు ఆపివేయగా, పీపా వెల సుమారు 3 డాలర్లనుండి 12 డాలర్ల సమీపమునకు పెరిగినది. అమెరికా గృహస్థులు జపాను చిన్న కార్లవైపు మొగ్గిరి. మిత్రరాజ్యమే పోటీదారయ్యెను. 1981లో అమెరికా ఒత్తిడిచే జపాను తన ఎగుమతిని ఏటికి 16 లక్షల 80 వేల కార్లకు పరిమితము చేసికొనెను. దాని ఫలితమేమి? కార్ల సంఖ్యకు హద్దు పడుటచే జపానువారు ఖరీదైన కార్లను పంపిరి. అమెరికాలో వెలలు పెరిగినవి. ఆ భారమును మోసినది అచ్చటి కొనుగోలుదారే. మరియొక ఫలితము, 1982లో హోండావారు ఒహాయోలోనే కార్లు చేయ నారంభించుట. తలుపు మూసినవారికి, తలుపు లోపలనే పొరుగువాడు కాపురము పెట్టెను.

మనదేశమునకు వత్తము. 1953లో సుంకముల సంఘము, విడిభాగములు తెచ్చి కూర్చుటతో తృప్తిపడక నిజముగా తయారుచేయు సంస్థలకే చోటుండవలెనని సిఫారసు చేసెను. అమెరికా సంస్థలు తమ కూర్పు పని చాలించుకొని వెడలినవి. బ్రిటిషువారి మోరిస్ ఆక్స్‌ఫర్డు మన అంబాసిడరైనది. ఇటలీవారి ఫియట్ 1100 తరువాత పద్మిని యైనది. అటు అమెరికాకు గాని, ఇటు సోవియటునకు గాని కట్టుబడని దేశము తన కాళ్లపై నిలువగోరుట న్యాయమే. విదేశద్రవ్యము కరవైన దినములలో కార్లకంటె ఆహారధాన్యములు, యంత్రములు ముఖ్యమనుటయు న్యాయమే. ఆ కాలముననే మన మెకానిక్కులు, విడిభాగముల తయారీదారులు చేయితిరిగినవారైరి. ఆ ఋణము మరువరాదు. కాని కారు కోరినవారు డబ్బు కట్టి ఏండ్ల తరబడి వేచియుండిరి. తండ్రి పేర నమోదైన బండి కొడుకు పెండ్లినాటికి వచ్చినదని నవ్వుచు చెప్పుకొనిన కుటుంబములను మేమెరుగుదుము. ఆ నవ్వు వెనుక నిట్టూర్పు కలదు. 1983 డిసెంబరులో, జపాను సుజుకి సహకారముతో మారుతి కారు వెలువడువరకు కొనువానికి ఎంపిక యనునది లేదు. ఎంపిక వచ్చిన కొలది సంవత్సరములలో పాతసంస్థల లోపములు లోకమునకు కనబడినవి.

అటుపిమ్మట, విజయనగర రాజులు రెండవ రాజధానిగా వాడుకొనిన మన పెనుకొండచెంత, నీటికి మొగమువాచిన నేలపై, 2019లో దక్షిణకొరియావారి కియా కార్లు వెలువడ నారంభించెను. ఒకనాడు అగ్రరాజ్యముల యుద్ధరంగమై, బూడిదయైన దేశమది; దానివారు వచ్చి రాయలసీమలో ఫ్యాక్టరీ పెట్టుట చరిత్ర విచిత్రము గాక మరేమి?

ఈ పోటీ ముగియలేదు, పేర్లు మారినవి. 2022లో ఉక్రెయిను యుద్ధమువలన పాశ్చాత్యసంస్థలు రష్యానుండి తొలగగా, రెనోవారు లాడా సంస్థలోని తమ భాగమును నామమాత్రమైన ఒక్క రూబులునకు విడిచిరి. ఆ యేటి లాడా గ్రాంటా కారు కొంతకాలము ప్రాణరక్షక గాలిసంచులు లేకయే వెలువడెను. యుద్ధము రాజ్యములది, గాలిసంచి లేని కారులో కూర్చున్నది గృహస్థుని బిడ్డ. 2024లో అమెరికా, చైనా విద్యుత్ కార్లపై సుంకమును నూటికి నూరుగా పెంచినది. ఐరోపా సమాజమును అదనపు సుంకములు వేసినది. 2025 ఏప్రిలులో చైనా, విద్యుత్ మోటార్ల అయస్కాంతములకు అవసరమైన కొన్ని అరుదైన ధాతువుల ఎగుమతిని కట్టడి చేయగా, పలుదేశములలో కొన్ని కార్ల ఫ్యాక్టరీలు తాత్కాలికముగా ఆగినవి.

ఇన్ని ఉదాహరణములు చూచిన పిదప మా అభిప్రాయము నిట్లు చెప్పుచున్నాము. రాజ్యముల పోటీ వేరు, అంగడిలోని పోటీ వేరు. మొదటిది రెండవదానిని రేపినపుడు మినీ వంటి కారు పుట్టును. మొదటిది రెండవదానిని చంపినపుడు ట్రబాంటు వరుస పుట్టును. లేగల కాళ్లు విరుగునను సామెత కొంతవరకే సరిపోవునని మొదట అన్నది ఇందులకే. స్వదేశ పరిశ్రమకు కాపు అవసరము కావచ్చును. కాని ఆ కాపు ఎన్నేండ్లో ముందే చెప్పవలెను. గడువు లేని కాపు చెట్టుకు కంచె గాదు, నీడ. ఆ నీడలో మొక్క ఎదగదు. అట్లే, చౌకయని ఒకే దేశముపై సమస్తమునకు ఆధారపడుటయు తగదు. ఒక ధాతువు ఆగిన దినమున ఆ చౌక ఎంత ఖరీదో తెలియును.

ఇక కొనువాని విషయము. అతనికి రాజ్యముల సభలలో ఆసనము లేదు. అతనికున్నది చిన్న పద్దుపుస్తకము, కుటుంబముతో బయలుదేరి క్షేమముగా ఇల్లు చేరవలెనను కోరిక. సుంకమును విధించువారు, ఒడంబడిక వ్రాయువారు ఆ పద్దుపుస్తకమును కూడ ఒక్కమారు తెరచి చూచినచో, జర్మనీలో బిళ్లలంటించి మోసపోయిన ఆ లక్షలమంది అనుభవము వృథా కాలేదని మేము సంతసింతుము.