తూకం పెరిగితే ఘనత ఎవరిది?

హైదరాబాద్ పాతబస్తీ ముర్గీ చౌక్‌లో అసీల్ జాతి పుంజును కొనేవాడు ముందు కాళ్లు, మెడ, ఛాతీ తడిమి చూస్తాడు. ఆ తర్వాత దాని తండ్రి ఏదని అడుగుతాడు. ఈ రెండో ప్రశ్నకు నమ్మదగిన జవాబు కావాలంటే ఏ పెట్టకు ఏ పుంజో రాసి ఉండాలి. కృత్రిమ గర్భోత్పత్తి మనకు ముందుగా ఇచ్చేది ఆ లెక్కే. పిల్లల ఎదుగుదల సంగతి తర్వాతిది.

పుంజు వీపు, పొట్ట నిమిరి వీర్యం తీసే పద్ధతిని 1937లో బరోస్, క్విన్ వివరించారు. పాలలా తెల్లగా వచ్చే ఆ చుక్కను పలుచన చేయకపోతే అరగంట, మహా అయితే గంటలోపు వాడేయాలి. పెట్టకు 0.05 మి.లీ. సరిపోతుంది. పొట్ట ఎడమవైపు మెల్లగా నొక్కితే అండనాళం నోరు కనిపిస్తుంది. సన్నని గొట్టంతో లోపల వదిలిన క్షణమే చేతి పట్టు సడలించాలి, లేదంటే వేసిందంతా వెనక్కి వచ్చేస్తుంది. పొద్దుటిపూట లోపల గుడ్డు అడ్డుంటుంది కాబట్టి మధ్యాహ్నం మూడు దాటాక చేయడం మేలు. వీర్యకణాలు అండనాళంలో రోజుల తరబడి నిలుస్తాయి కనుక వారానికోసారి చాలు.

పెద్దబాతుల్లో ఈ పద్ధతి అవసరం ఇంకా ఎక్కువ. ఒక మగదానికి సాధారణంగా మూడు నుంచి ఐదు ఆడవాటినే జత చేస్తారు. వీర్యం కొద్దిగానే వస్తుంది, అదీ గుడ్లు పెట్టే రుతువులోనే. మంచి మగదాని సంతానం కొన్ని గూళ్లకే పరిమితం కాకుండా ఉండాలంటే చేతిసాయం కావాలి.

అయితే అలా పుట్టిన పిల్ల ఎక్కువ తూగితే ఆ ఘనత పద్ధతికి కట్టబెట్టడం తొందరపాటని నా అభిప్రాయం. గుడ్డు పగిలి బయటికొచ్చిన నాటి పిల్ల బరువు గుడ్డు బరువులో దాదాపు మూడింట రెండు వంతులు. పెద్దబాతు తొలి ఏడాది గుడ్లు చిన్నవి, మలి ఏడాదివి పెద్దవి. కాబట్టి ఒకవైపు పడుచు తల్లుల పిల్లలను, మరోవైపు ముదురు తల్లుల పిల్లలను తూచి పోల్చితే మనం తూచింది గుడ్లనే. ఆ తర్వాత మేత, వెచ్చదనం, గుంపు పరిమాణం కూడా తూకాన్ని మారుస్తాయి. ఒకే రోజు పుట్టిన, దాదాపు ఒకే బరువు గుడ్ల నుంచి వచ్చిన పిల్లలను ఒకే మేతపై పెంచి, తండ్రివారీగా తూచితేనే తండ్రి వాటా బయటపడుతుంది.

ఈ క్రమశిక్షణకు మనకు దగ్గరి చోటు రాజేంద్రనగర్. 1988లో మొదలైన కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ కోళ్లను అక్కడే రూపొందించింది. అసీల్‌ను కూడా అక్కడ వంశావళి రాసుకుంటూ పెంచారు. పాతబస్తీ పెంపకందారుకు అంత ఏర్పాటు అక్కర్లేదు. కాలికి నంబరు రింగు, ఒక నోటుబుక్కు, గ్రాముల తక్కెడ చాలు. గుడ్డు బరువు, తండ్రి నంబరు, వారంవారం తూకం రాసుకుంటే సరి.

ఒక భయం మాత్రం ఉంది. పేరున్న పుంజు ఒక్కటే పదిళ్ల పెట్టల పిల్లలకూ తండ్రైతే, రెండు మూడు తరాల్లో అన్నాచెల్లెళ్లే జతకడతాయి. గుడ్లు పిల్లలవక, అయిన పిల్లలు నిలవక నష్టం మొదలవుతుంది. అందుకే ఆ నోటుబుక్కులో తాత నంబరుకు కూడా ఒక గడి గీసుకోవాలి.