ఛత్తాబజారు శుభలేఖలు



మీ గ్రామములలో పెండ్లి నిశ్చయమైనపుడు దగ్గరివారిని బొట్టుపెట్టి పిలుచుటయు, దూరపు చుట్టములకు నాలుగు మూలల పసుపు రాచిన ఉత్తరమును పంపుటయు మీరెఱిగిన ఆచారమే. ఆ ఉత్తరమును పూర్వము ఇంటిపెద్దయో కరణముగారో స్వయముగా వ్రాసెడివారు. అదియే తరువాత అచ్చుకాగితమై, రంగులు పూసికొని మీ యిండ్లకు రాసాగెను. దాని వెనుక ఎందఱి చేతులు పనిచేసినవో ఆ కాగితము చెప్పదు. అడుగున బంధుమిత్రుల అభినందనలుండును గాని, వ్రాసినవాని పేరుండదు.

ఆ చేతులలో నాదియు నొకటి. హైదరాబాదు పాతబస్తీలోని ఛత్తాబజారు అచ్చుదుకాణములకు పెండ్లిపిలుపులను, ఈద్ కార్డులను చిత్రించి యిచ్చుట నా జీవనము. నేను ఏ దుకాణమునందును నౌకరును గాను. గీసిన దానికి గీసినంత కూలి. పెండ్లి ముహూర్తములున్న నెలలలో రాత్రియు పగలును పని. మూఢము వచ్చినను, మొహర్రము వచ్చినను చేతులు ముడుచుకొని కూర్చుండుటయే. రెండు పంచాంగములను చూచుకొని కాలము గడపుకొను వృత్తి ఇది.

మూసీనదికి దక్షిణపుటొడ్డున, పురానీ హవేలీకి చేరువలో నున్నది ఈ బజారు. ఛత్తా యనగా పైకప్పు గల త్రోవ. ఇచటి ముసల్మానులు పెండ్లిపిలుపును రుఖ్ఖా యందురు; చిన్న జాబు అని దాని యర్థము. ఒకే దుకాణములో ఒక బల్లపై నిఖాహ్ రుఖ్ఖాలు, ప్రక్క బల్లపై వినాయకుని బొమ్మతో పసుపుపచ్చని శుభలేఖలు ఆరుచుండుట సామాన్యదృశ్యము. రెంటిని అచ్చువేయువాడు ఒక్కడే.

ఒకే కాగితముపై రెండు లిపులను ఇముడ్చుట ఈ నగరమునకు క్రొత్త కాదు. 1591లో చార్మినారు వెలసిన కాలమునాటి కుతుబ్ షాహీల ఫర్మానాలలో ఫారసీతోపాటు తెలుగున వ్రాసినవి కలవు. నిజాముల కాలపు కాగితపు నోట్లమీద ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ లిపులను మీలో పెద్దవారు చూచియే యుందురు. కాని నోటు ఒంటిరేకు, శుభలేఖ మడత. ఉర్దూ కుడినుండి ఎడమకు నడచును, తెలుగు ఎడమనుండి కుడికి. కావున ఉర్దూ కార్డునకు మడత కుడివైపున, తెలుగు కార్డునకు ఎడమవైపున నుండవలెను. రెండు భాషలవారును చదువవలసిన కార్డునకు ముఖపత్రమేది, వెనుకపత్రమేది? దీనికి నేను కనుగొన్న ఉపాయము మడతను పైకి మార్చుట, గోడగడియారపు మూతవలె క్రిందినుండి పైకి తెఱచుకొనునట్లు. అపుడు ఎవరి భాషయు వెనుకబడదు.

ఇక అక్షరముల మాట. ఉర్దూకు వాడు నస్తాలీఖు వ్రాత ఇరానులో పుట్టినది. తెలుగు అక్షరములు ఒక దండెమునకు గ్రుచ్చిన పూలవలె వరుసగా నుండును. నస్తాలీఖు అక్షరములట్లు గాక, కుడివైపు ఎత్తునుండి ఎడమవైపు పల్లమునకు తీగవలె జాఱును. ప్రక్కన ఏ అక్షరము వచ్చునో దానినిబట్టి ఒక్కొక్క అక్షరము రూపు మార్చుకొనును. వ్రాయువాడు రెల్లుకలము కొనను ఏటవాలుగా కోసి, ఆ కొనతో ఒక చుక్క పెట్టును. ఆ చుక్కయే కొలబద్ద. అలిఫు నిడివి మూడు చుక్కలు. కలము మార్చినచో చుక్క మారును, చుక్కతో అక్షరములన్నియు మారును. ఇట్లు వ్రాయువానిని కాతిబు అందురు.

ఈ లిపిని సీసపు టచ్చులలోనికి దింపవలెనని యత్నములు జరిగినవి. 1800లో కలకత్తాలో స్థాపితమైన ఫోర్టు విలియం కళాశాలవారు అచ్చులు పోయించిరి, అవి నిలువలేదు. నిజాము ప్రభుత్వము నస్తాలీఖు టైపుయంత్రమునకై యత్నించి విరమించుకొనెను. తెలుగునకు అచ్చు వచ్చిన వెనుక వ్రాయసగాని పని తగ్గెను. ఉర్దూకు మాత్రము అచ్చే వ్రాయసగానిని నిలిపెను. అది రాతి యచ్చు.

1796లో బవేరియా దేశమున సెనెఫెల్డరు అనునతడు కనిపెట్టిన విద్య యిది. నూనెకును నీటికిని పొత్తు లేదన్న ఒక్క సంగతియే దీనికి మూలము. కాతిబు పసుపుపూత పూసిన కాగితముపై జిడ్డుసిరాతో వ్రాయును. ఆ కాగితమును నున్నని సున్నపురాతిపై బోర్లించి నొక్కగా వ్రాత రాతికంటుకొనును. పిదప రాతిని నీటితో తడిపి సిరా రుద్దినచో, జిడ్డున్నచోట సిరా పట్టును, తడియున్నచోట పట్టదు. రాతిమీది వ్రాత తిరుగబడి యుండును గదా! అందు తప్పు దొరలినచో దిద్దుటకు వేఱొక పనివాడు, సంగ్‌సాజ్ అనువాడు కూర్చుండును. అతడు అక్షరములను అద్దములోని నీడవలె వెనుకకు వ్రాయగలవాడై యుండవలెను. నా యెఱుకలో ఇంతకంటె కష్టమగు వ్రాతపని లేదు.

ఈ రాతి యచ్చే శుభాకాంక్షల కార్డులకును తల్లి యైనది. 1843లో లండనులో హెన్రీ కోల్ అనునతడు క్రిస్మసునకు బంధుమిత్రులందఱికి జాబులు వ్రాయ తీరిక లేక, హార్స్‌లీ అను చిత్రకారునిచే ఒక చిత్రము గీయించి, రాతిమీద వేయి ప్రతులు అచ్చొత్తించి, చేతితో రంగులు వేయించెను. మిగిలినవానిని షిల్లింగు కొకటి చొప్పున అమ్మెను. కొనినవాని పేరు వ్రాసికొనుటకు చోటు విడిచిరి. అప్పటినుండి జాబు వ్రాయువాడొకడు, పంపువాడొకడు అయ్యెను. తపాలాబండ్లును రైళ్లును వచ్చిన పిమ్మట, పందొమ్మిదవ శతాబ్దాంతమునకు, మన దేశమున ఈద్ కార్డులు వెలసినవి. తొలుత ఐరోపా బొమ్మలమీదనే ఉర్దూలో ఈద్ ముబారక్ అని ముద్రించి అమ్మిరి. పూలబుట్టలు, తెల్లదొరసానులు, దానిక్రింద ఈదు శుభాకాంక్షలు! నేడు నవ్వు వచ్చును గాని, ఆనాడు అవియే గొప్ప.

ఈ వృత్తిలో నన్ను మిక్కిలి తికమకపెట్టినది అందము గాదు, పవిత్రత. ముసల్మానుల కార్డునకు తలమీద బిస్మిల్లా యుండుట సంప్రదాయము. కాని పెండ్లి యైన మఱునాడు ఆ కాగితము ఎవని కాలిక్రింద పడునో! అందుచే పెక్కురు ఆ వాక్యమునకు మాఱుగా దాని యక్షరముల విలువల మొత్తమగు 786 అంకెను వేయింతురు. కొందఱు పెద్దలు దానినిగూడ ఒప్పుకొనరు. పాతబస్తీలో పవిత్రాక్షరములున్న చినిగిన కాగితములను వేయుటకు గోడలకు పెట్టెలు తగిలించి యుండుట మీరు నగరమునకు వచ్చినపుడు చూడవచ్చును. హిందువుల శుభలేఖలకును ఇదే చిక్కు. నల్లగొండ ప్రాంతపు రైతు ఒకరు వేంకటేశ్వరస్వామిని అట్టమీద నిండుగా వేయుమనిరి. ఆయన తల్లిగారు మాత్రము, “నాయనా, స్వామిని బండిలో క్రింద పడవేసి తొక్కుదురు గదా, వలదు” అనిరి. ఇద్దఱి మాటయు చెల్లునట్లు, స్వామిని వేఱు రేకుమీద అచ్చొత్తించి లోపల ఉంచితిని. పిలుపు చదివినవారు ఆ రేకును దేవుని గూటిలో పెట్టుకొనవచ్చును. ఖర్చు పెరిగినది. అయినను ఆ పద్ధతి ఇంకను పదిమందికి నచ్చినది.

నచ్చుటలో నష్టమును గలదు. ఒకసారి బిద్రీ పనితనమును చూచి ఒక పూలతీగ అంచు గీసి ఒక దుకాణమునకు అమ్మితిని. ఆ దుకాణపు ఆల్బములో అది చేరిన కొలదినాళ్లకే రంగు మార్చుకొని మఱి మూడు ఆల్బములలో కనబడెను. నాకు ముట్టినది ఒక్క కూలియే. నాకు ఓనమాలు దిద్దించిన వృద్ధ కాతిబుగారితో మొఱపెట్టుకొనగా ఆయన నవ్వి, “బేటా, మా కాలమున దొంగిలించుటకును చేయి తిరిగి యుండవలెను” అనిరి.

ఆయన మాటలోని బరువు కంప్యూటరు వచ్చినపిదప తెలిసినది. 1981లో పాకిస్తానీ కాతిబు మీర్జా అహమద్ జమీల్ తాను వ్రాసిన వేలకొలది అక్షరసంధులను యంత్రమునకు ఎక్కించెను. దానికి నూరీ నస్తాలీఖు అని పేరు. 1994లో ఢిల్లీవారు ఇన్‌పేజ్ అను సాధనమును వెలువరించిరి. పాతబస్తీలో కాతిబుల బల్లలు ఒక్కటొక్కటిగా మూతపడినవి. 1927లో మదరాసున వెలసిన ముసల్మాను దినపత్రిక ఆ తరువాతను చేవ్రాతతోనే వచ్చుచుండుట ఒక వింత. యంత్రము కాతిబును తొలగించెనని జనులందురు. నాకట్లు తోచదు. అది ఒక్క కాతిబును నిలిపి, మిగిలినవారిని తొలగించెను. ఏ నగరపు రుఖ్ఖా తెఱచినను అదే అలిఫు, అదే జాఱుడు. తెలుగున బాపుగారి చేవ్రాత సంగతియు దాదాపుగా ఇట్టిదే. 2014లో ఆయన గతించినను ఆ ఒంపులు కంప్యూటరు అక్షరములై మన శుభలేఖలన్నిటిపై నిలిచినవి. అవి చూడముచ్చటైనవే, కాని ఒక కరణముగారి వ్రాతకును మఱియొక కరణముగారి వ్రాతకును గల భేదము పోయినది.

2020లో మహమ్మారి వేళ పెండ్లికి ఏబదిమందికి మించి కూడరాదని ప్రభుత్వము నిర్ణయించినది. ఏబది మందికి అచ్చేల? ఫోనులో బొమ్మ పంపుట అప్పుడు బాగుగా అలవాటైనది. వేయి కార్డులు వేయించెడివారు నూటితో సరిపెట్టుకొనుచున్నారు. ఆ నూఱును ఎవరికని నేను అడిగితిని. పల్లెలోని పెద్దలకట, ఫోనులో వచ్చిన బొమ్మను వారు పిలుపుగా లెక్కింపరట. ఆ నూఱు కార్డులపై వధూవరుల పేర్లను మాత్రము నేటికిని ఆ వృద్ధ కాతిబుగారిచే రెల్లుకలముతో వ్రాయించి అచ్చువేయింతుము. పేరునకు ఇంత యని ఆయన కూలి తీసికొందురు.