రేడియోగ్రామ్ నుంచి స్ట్రీమింగ్ యాంప్లిఫయర్ దాకా: అన్నీ ఒకే పెట్టెలో పెట్టిన కథ

ఈరోజు ఎపిసోడ్ పాటలు వినే పెట్టెల గురించి. ఈమధ్య చాలామంది ఇండ్లల్లో ఒక చర్చ నడుస్తా ఉంది. హాల్లో రెండు మంచి స్పీకర్లు పెట్టుకోవాలి. యాంప్లిఫయరు, వైఫై, బ్లూటూత్, టీవీ కనెక్షన్ అన్నీ ఒకే పెట్టెలో ఉండేది కొందామా, విడివిడిగా కొందామా? ఒక మోడల్ పేరు చెప్పేసి ముగించొచ్చు. కానీ ఈ ప్రశ్న కొత్తది కాదండీ. మన తాతలు కూడా ఎదుర్కొన్నదే. వాళ్ళ అనుభవం చూస్తే జవాబు సగం అక్కడే దొరుకుతుంది.

పూతలపట్టు నుంచే మొదలుపెడదాం. తిరుపతి నుంచి వచ్చే రోడ్డు, కడప పీలేరు మీదుగా వచ్చే రోడ్డు కలిసి చిత్తూరుకు పోయే చోటు అది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా మద్రాసు కిందే ఉండేది. పాట కూడా మద్రాసు నుంచే వచ్చేది. 1938 జూన్‌లో మద్రాసులో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్‌లో గానీ రాలేదు. అప్పటి వాల్వు రేడియో ఖరీదైన వస్తువు. దానికి పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. కరెంటు లేని ఊర్లో అయితే బ్యాటరీతో నడపాలి. అందుకే చాలా పల్లెల్లో జనం పంచాయతీ రేడియో దగ్గర చేరి వినేవాళ్ళు.

కాస్త ఉన్నవాళ్ళ ఇండ్లల్లోకి తర్వాత రేడియోగ్రామ్ వచ్చింది. బీరువా మాదిరి చెక్కపెట్టె. దాంట్లోనే రేడియో, రికార్డు ప్లేయరు, యాంప్లిఫయరు, స్పీకరు. అన్నీ ఒకే పెట్టెలో అనే ఆలోచన మన ఇండ్లకు వచ్చింది ఆ రూపంలోనే. అమెరికాలో 1954లో హర్మన్ కార్డన్ కంపెనీ రేడియోను, యాంప్లిఫయరును ఒకే డబ్బాలో కలిపి, స్పీకరు మాత్రం బయట పెట్టుకునేలా రిసీవర్ తెచ్చింది. 1958 ప్రాంతంలో స్టీరియో రికార్డులు బజారుకొచ్చాక, రెండు స్పీకర్లను దూరం దూరంగా పెట్టాల్సి వచ్చింది. ఒకే చెక్కపెట్టెలో రెండు స్పీకర్లు పక్కపక్కన ఉంటే స్టీరియో సరిగా తెలీదు కదా. అట్లా పెట్టె పగిలి, స్పీకర్లు బయటికొచ్చాయి.

ఇక్కడ ఒక మాట గమనించండి. ఇంట్లో పెట్టె ఒకటైపోతా ఉంటే, ఊర్లో మైక్ సెట్ మాత్రం ఎప్పుడూ ఒకటి కాలేదు. చిత్తూరు జిల్లాలో మహాభారత ఉత్సవాలు ఎట్లా జరుగుతాయో మీకు తెలిసిందే. పద్దెనిమిది రోజులు, మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం, మధ్యలో అర్జున తపస్సు, చివర్న దుర్యోధన వధ. హరికథ పక్క ఊరిదాకా వినపడాల. సౌండ్ సర్వీస్ వాళ్ళు తెచ్చే సామాను చూడండి. యాంప్లిఫయరు వేరే, మైకు వేరే, ప్లేయరు వేరే, చెట్టుకు కట్టే హారన్లు వేరే, బ్యాటరీ వేరే. ఎందుకు? రాత్రి రెండు గంటలకు హారన్‌లో యూనిట్ కాలిపోతే అదొక్కటి మార్చి ఆట నిలబెట్టాలి. ఒక్క భాగం చెడితే మొత్తం ఆగకూడదు. చదువుకున్న ఇంజనీరు చెప్పే సూత్రాన్నే మైక్ సెట్ వాళ్ళు చేతల్లో పాటించారు.

తర్వాత క్యాసెట్టు. ఫిలిప్స్ కంపెనీ 1963లో దాన్ని బయటపెట్టింది. ఆ సంవత్సరమే ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం రికార్డు వచ్చింది. రికార్డు ప్లేయరు కొనలేని ఇండ్లకు ఆ గొంతు తర్వాత క్యాసెట్టు మీద చేరింది. టూ-ఇన్-వన్ అంటే రేడియో, టేప్‌రికార్డరు కలిపిన పెట్టె. బెల్టు సాగిపోతే క్యాసెట్టు ఈడ్చుకుంటా పాడేది. అయినా రేడియో మోగేది. రేడియోగ్రామ్‌లో రికార్డు తిప్పే భాగం పాడైనా అంతే, వార్తలు వినపడేవి. ఆ పాత పెట్టెలు ఒక్కసారిగా చచ్చేవి కావు. ఒక్కో భాగం పోతా, మిగిలింది పనిచేస్తా ఉండేది.

ఇప్పటి స్ట్రీమింగ్ యాంప్లిఫయర్ కథ వేరు. సోనోస్ 2005లో నెట్‌వర్కు, యాంప్లిఫయరు కలిపిన పెట్టె తెచ్చింది. బ్రిటన్‌లో నెయిమ్ కంపెనీ 2009లో యూనిటి తెచ్చింది. 2023లో విమ్ ఆంప్ లాంటివి వచ్చి ధర బాగా కిందికి దించాయి. డబ్బా చిన్నదే గానీ ఎనిమిది ఓమ్‌ల స్పీకరుకు ఒక్కో వైపు 60 వాట్లు ఇస్తుంది. మన హాలుకు అది చాలా ఎక్కువే. క్లాస్-డి రకం కాబట్టి కరెంటు తక్కువ తాగుతుంది, పెద్దగా వేడెక్కదు, ఇన్వర్టరు మీద కూడా హాయిగా నడుస్తుంది.

మరి ఇబ్బంది ఎక్కడ? సాఫ్ట్‌వేర్ దగ్గర. స్పీకరు ముప్పై ఏండ్లు ఉంటుంది. మంచి యాంప్లిఫయరు ఇరవై ఏండ్లు ఉంటుంది. యాప్‌కు అంత ఆయుస్సు లేదు. 2020లో సోనోస్ తన పాత పెట్టెలకు కొత్త అప్‌డేట్లు ఆపేసింది. గూగుల్ 2015లో తెచ్చిన క్రోమ్‌కాస్ట్ ఆడియో తయారీని 2019 మొదట్లో నిలిపేసింది. అదృష్టం ఏమంటే అది యాంప్లిఫయరు పక్కన తగిలించే చిన్న బిళ్ళ. పోతే బిళ్ళ పోతుంది, యాంప్లిఫయరు పోదు. తేడా అక్కడుంది.

కాబట్టి కొనే ముందు చరిత్ర చెప్పే నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి, రేపు యాప్ ఆగిపోతే ఈ పెట్టె ఉత్త యాంప్లిఫయరుగా అయినా పనికొస్తుందా? వెనక ఆక్స్, ఆప్టికల్, హెచ్‌డీఎంఐ ఉండాలి. ముందు వాల్యూమ్ తిప్పడానికి గుండీ, లేదా రిమోట్ ఉండాలి. ఫోన్ లేకుండా మోగనిది వద్దు.

రెండు, నెట్ లేనప్పుడు మోగుతుందా? 2017 డిసెంబర్‌లో ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలతో మొదలైంది, పల్లెల్లోకి కేబుల్ వచ్చింది. నిజమే. కానీ గాలివాన వస్తే లైను తెగుతుంది. పెన్‌డ్రైవులో పాటలు పెట్టి వినే వీలుండాలి.

మూడు, స్పీకరు వైర్లు మామూలువేనా? ఆ కంపెనీ స్పీకర్లే వాడాలి అంటే దండం పెట్టి వచ్చేయండి.

నాలుగు, చెడితే తిరుపతిలోనో, చిత్తూరులోనో, కనీసం చెన్నైలోనో చూసేవాళ్ళున్నారా? ఓల్టేజీ హెచ్చుతగ్గులున్న ఊర్లో స్టెబిలైజరు ఖర్చు కూడా లెక్కేసుకోండి.

ఈ నాలుగింటికీ అవునని వస్తే ఒకే పెట్టె తీసుకోండి, తప్పేమీ లేదు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే పొద్దున్నే ఒక్క గుండీ నొక్కితే సుప్రభాతం రావడం చిన్న సంగతి కాదు. వైర్లు, డబ్బాలు, మూడు రిమోట్లు వాళ్ళకు బాధ. కానీ ఒక్క ప్రశ్నకు కాదని వచ్చినా నా సలహా మైక్ సెట్ పద్ధతే. మామూలు స్టీరియో యాంప్లిఫయరు ఒకటి, దాని పక్కన చిన్న స్ట్రీమర్ ఒకటి. ఐదారేండ్లకు స్ట్రీమర్ పాతబడితే అదొక్కటే మార్చండి. డబ్బు ఎక్కువగా స్పీకర్ల మీద పెట్టండి, ఎక్కువ కాలం ఉండేవి అవే.

మీ ఇంట్లో పాత రేడియోగ్రామో, టూ-ఇన్-వన్నో ఉంటే పారేయకండి. ఏ భాగం ఇంకా పనిచేస్తుందో ఒకసారి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.