జ్వరాల యేడు

2023 జులైలో ఫిలడెల్ఫియాలో జరిగిన తానా సభలకు మీలో చాలామంది వచ్చే ఉంటారు. భోజనాల దగ్గర వరస చూసి బెదిరిపోయి, ఈలోగా కాస్త గాలి పీల్చుకుందామని నేను కన్వెన్షన్ సెంటర్ బయటకు వచ్చాను. ఎదురుగా బ్రాడ్ స్ట్రీట్. పట్టుచీరలు, పంచెలు, సెల్ఫీలు, చిన్నప్పటి స్నేహితుణ్ణి ఇరవయ్యేళ్ళ తరవాత చూసి పెట్టే కేకలు. మూడేళ్ళ క్రితం ఇంట్లో వాళ్ళ పక్కన కూర్చోవడానికే భయపడినవాళ్ళం, ఇప్పుడు ఒకరి భుజాల మీద ఒకరం చేతులు వేసుకుని నిలబడ్డాం. మంచిదే. కానీ ఆ వీధిని చూడగానే నాకు ఇంకో జనసమూహం గుర్తుకొచ్చింది.

1918 సెప్టెంబరు 28న సరిగ్గా ఆ వీధిలోనే ఓ పెద్ద ఊరేగింపు జరిగింది. మొదటి ప్రపంచయుద్ధానికి డబ్బు కూడగట్టే బాండ్లు అమ్మడం దాని ఉద్దేశం. ఊళ్ళో ఇన్‌ఫ్లుయెంజా పాకుతోందని, ఊరేగింపు వద్దని కొందరు డాక్టర్లు హెచ్చరించినా వినలేదు. సుమారు రెండు లక్షలమంది చూడడానికి వచ్చారు. మూడు రోజులు తిరక్కుండా ఆస్పత్రులు నిండిపోయాయి. ఆరు వారాల్లో ఆ ఒక్క ఊళ్ళోనే పన్నెండు వేలమందికి పైగా చనిపోయారు. అదే సమయంలో సెయింట్ లూయిస్ నగరం అక్టోబరు మొదట్లోనే బడులు, సినిమాహాళ్ళు, చర్చిలు మూయించింది. అక్కడి మరణాల రేటు ఫిలడెల్ఫియాలో సగం కూడా లేదు.

ఇంత జరిగిన వీధిలో ఆ సంగతి గుర్తుచేసే ఫలకం ఏదీ నా కంట పడలేదు. ఆశ్చర్యమేమిటంటే, ఆ ఊళ్ళోని ముటర్ మ్యూజియం వాళ్ళు 1918 జ్వరం మీద ఓ ప్రదర్శన తెరిచింది 2019 అక్టోబరులో, అంటే మన కోవిడ్‌కి కొద్ది నెలల ముందు! అమెరికా మొత్తం మీద ఆ జ్వరానికి 6,75,000 మంది పోయారని అంచనా. అయినా ఆల్‌ఫ్రెడ్ క్రాస్బీ అనే చరిత్రకారుడు దాని మీద రాసిన పుస్తకానికి 1989లో వచ్చిన కొత్త ముద్రణలో ‘అమెరికా మరిచిపోయిన మహమ్మారి’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టవలసి వచ్చింది.

సరే, అమెరికా వాళ్ళు మరిచిపోయారు. మరి మనమో?

కోటిమందికి పైగా పోయినా కథ లేదు

1918 జూన్‌లో బొంబాయి రేవులో ఆ జ్వరం మనదేశంలో అడుగుపెట్టింది. అక్కడినుంచి రైలు దారుల వెంట, యుద్ధం నుంచి తిరిగొచ్చే సిపాయిల వెంట లోపలికి పాకింది. మొదటి విడత కంటే వానాకాలం చివర్లో వచ్చిన రెండో విడత ఎక్కువ ప్రాణాలు తీసింది. పులిమీద పుట్రలాగా ఆ ఏడు వానలు కూడా ముఖం చాటేశాయి. మనదేశంలో పోయినవాళ్ళ సంఖ్య 1.2 కోట్ల నుంచి 2 కోట్ల వరకు ఉంటుందని పరిశోధకుల అంచనా. ఏ దేశంలోనూ అంతమంది పోలేదు. మద్రాసు రాజధానిలో దెబ్బ బొంబాయి రాజధానిలో కంటే తక్కువే గానీ, చిన్నది మాత్రం కాదు. నేటి భారతదేశపు సరిహద్దుల లెక్కన 1911లో 25.21 కోట్లున్న జనాభా 1921కి 25.13 కోట్లకు తగ్గింది. మన జనాభా లెక్కల చరిత్రలో జనం తగ్గిన దశాబ్దం అదొక్కటే.

ఆ జ్వరానికి ఇంకో లక్షణం ఉంది. ముసలివాళ్ళనీ పసివాళ్ళనీ మాత్రమే కాకుండా, మంచి వయసులో ఉన్నవాళ్ళని తీసుకుపోయింది. మనదేశంలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళు ఎక్కువగా పోయారు. ఇంట్లో అందరికీ జ్వరమొస్తే మంచం పక్కన కూర్చునేది ఎవరు? ఆ సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన సుమారు 74,000 మంది భారత సైనికులకి ఢిల్లీలో ఇండియా గేట్ ఉంది. జ్వరంతో పోయినవాళ్ళకి ఏముంది? హిందీ కవి సూర్యకాంత్ త్రిపాఠీ నిరాలా మాత్రం తన ‘కుల్లీ భాట్’లో రాసుకున్నాడు. భార్య, మరికొందరు బంధువులు కొద్దిరోజుల తేడాలో ఎలా పోయారో, గంగానది శవాలతో ఎలా నిండిపోయిందో చెప్పాడు. 2021 మే నెలలో గంగ ఒడ్డు ఫోటోలు పేపర్లలో చూసినప్పుడు చాలామందికి ఆ పేజీలే గుర్తుకొచ్చాయి. ఒక్కడు రాసిపెట్టాడు గనక నూరేళ్ళ తరవాత గుర్తుకు రావడానికి ఏదో ఒకటి ఉంది.

మాటల్లో దాచుకున్నాం

మనవాళ్ళు పూర్తిగా మరిచిపోయారనడం కూడా న్యాయం కాదు. వాళ్ళు రాయలేదు గానీ దాచుకున్నారు. అసలు ‘మహమ్మారి’ అన్న మాటలోనే మారి ఉంది. మశూచి వస్తే ‘అమ్మవారు పోసింది’ అన్నారు. పోలేరమ్మకి, మరిడమ్మకి జాతర్లు చేశారు. తెలంగాణలో కలరాని గత్తర అంటారు. రోగం పోయినా తిట్లలో ఆ మాట ఇంకా బతికే ఉంది.

మా ఆవిడది సికింద్రాబాద్. నల్లకుంట ఫీవరాసుపత్రిని వాళ్ళ నాన్నమ్మ ‘కోరంటి దవాఖాన’ అనేదట. పెళ్ళయిన కొత్తలో అదేదో పువ్వు పేరనుకున్నాను. కాదు, ‘క్వారంటైన్’ మన నోళ్ళలో పడి కోరంటి అయింది! 2020లో మనమంతా ఆ మాటని కొత్తగా నేర్చుకున్నట్టు పలికాం గానీ, హైదరాబాదు ముసలమ్మలకి అది పాతమాటే.

సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి కథా అంతే. 1813లో సైన్యంలో పనిచేసే సురిటి అప్పయ్య అనే ఆయన ఉజ్జయినికి బదిలీ మీద వెళ్ళాడని, అక్కడ కలరా చెలరేగితే మా ఊరివాళ్ళని కాపాడితే నీకు గుడి కడతానని అమ్మవారికి మొక్కుకున్నాడని, తిరిగొచ్చి 1815లో ప్రతిష్ఠ చేశాడని చెబుతారు. ఇవాళ అమెరికాలో స్కూలు ఆడిటోరియం అద్దెకు తీసుకుని మన ఆడపడుచులు బోనం ఎత్తుతున్నారంటే, వాళ్ళ తల మీద ఉన్నది ఒక మహమ్మారి జ్ఞాపకమే. 2020లో ఆ బోనాలనే, గుళ్ళకి రాకుండా ఎవరిళ్ళలో వాళ్ళు చేసుకోమని చెప్పవలసి వచ్చింది.

అయితే ఒకటి. మాటలు మిగిలాయి, పండగలు మిగిలాయి. మనుషులు మిగల్లేదు. ఆ రోజుల్లో పొద్దున్నే లేచి ఏంచేశారు, ఏం వండుకున్నారు, జ్వరం తగిలిన మనిషికి గిన్నె ఎలా అందించారు, పక్కింటివాళ్ళు తలుపు తీశారా లేదా – ఇదంతా గాలికి పోయింది.

మన వంతు వచ్చింది

2020లో ఇండియాలో ఉగాది మార్చి 25న వచ్చింది. అదే రోజు దేశమంతా లాక్‌డౌన్ మొదలయింది. సంవత్సరం పేరు శార్వరి. శార్వరి అంటే రాత్రి. ఇక్కడ మేము ఫ్రీజర్లో ఉన్న మామిడి ముక్కలతో, వేపపువ్వుకి బదులు రెండు మెంతిగింజలతో పచ్చడి అయిందనిపించి జూమ్‌లో పంచాంగశ్రవణానికి కూర్చున్నాం. “పంతులుగారూ, మీరు మ్యూట్‌లో ఉన్నారు” అని నలభై ఇళ్ళవాళ్ళు ఒకేసారి అరిచారు. మ్యూట్ తీసేసరికి రాజపూజ్య అవమానాలు అయిపోయాయి!

మీ ఇళ్ళలో జరిగినవే మా ఇంట్లోనూ జరిగాయి. ఇండియన్ స్టోర్లో మనిషికి ఒకటే బియ్యం బస్తా. తెచ్చిన పాలడబ్బాని తుడిచి, తుడిచిన గుడ్డని ఉతికి, ఉతికిన చేతుల్ని కడుక్కోవడం. పడకగదిలో నా ఆఫీసు, వంటింటి బల్ల మీద పాప నాలుగో తరగతి, గరాజులో మా ఆవిడ మీటింగులు. అప్పటికి మా అత్తగారు ఇక్కడే ఉన్నారు. ఏప్రిల్‌లో వెళ్ళవలసిన మనిషి విమానాలు లేక ఆగిపోయారు. తెచ్చుకున్న బీపీ మాత్రలు రోజూ సాయంత్రం లెక్కపెట్టుకునేవారు. ఆవిడ పాత నేతచీర ఒకటి చించి మా అందరికీ మాస్కులు కుట్టారు.

ఆ ఏప్రిల్‌లో పాప టీచరు ఒక పని పెట్టింది. “మీరు చరిత్రలో బతుకుతున్నారు, రోజుకి నాలుగు వాక్యాలు రాయండి” అని. పాప ఆరు వారాలు రాసింది. “ఇవాళ నాన్న నా జుట్టు కత్తిరించాడు. వంకరగా వచ్చింది. నాన్న సారీ చెప్పాడు. అమ్మమ్మ నవ్వింది.” ఆ రోజు అత్తగారు నవ్వారన్న సంగతి నాకు గుర్తులేదు. ఆ పుస్తకం లేకపోతే ఆ నవ్వు లేదు.

పదకొండు రోజులు

2021 ఏప్రిల్‌లో నాకు రెండో డోసు పడింది. ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. తెనాలిలో నాన్న అప్పటికి మొదటి డోసు వేయించుకుని రెండోదానికోసం చూస్తున్నారు. నెలాఖరుకి ఆయనకి జ్వరం వచ్చింది.

తరవాతి పదకొండు రోజులు ఫోనే మా ఇల్లు. ఇక్కడ రాత్రి, అక్కడ పగలు. ఎక్కడో స్నేహితుడి తమ్ముడి ద్వారా మంచం, ఇంకెవరి ద్వారానో ఆక్సిజన్ కాన్సంట్రేటర్. ఎప్పుడూ చూడని మనుషులు అర్ధరాత్రి నా మెసేజికి జవాబిచ్చారు. వాళ్ళ పేర్లు కూడా నాకు సరిగ్గా తెలియవు.

నేను వెళ్ళలేదు. ఈ వాక్యం చాలారకాలుగా రాసి చూశాను, చివరికి ఇలాగే ఉంచాను. నాది హెచ్‌-1బి. పాస్‌పోర్టులో స్టాంపు గడువు తీరిపోయింది. ఆ మే నెలలో ఇండియా నుంచి వచ్చేవాళ్ళ మీద అమెరికా పెట్టిన ఆంక్షల్లో, ఇక్కడ పుట్టిన పిల్లలున్నవాళ్ళకి మినహాయింపు ఉంది. కానీ స్టాంపు వేయవలసిన కాన్సులేట్లలో మామూలు అపాయింట్‌మెంట్లు ఆపేశారు. వెళితే ఎప్పటికి తిరిగొస్తానో తెలీదు. “రాకురా, వచ్చి ఏంచేస్తావు? నన్ను చూడనివ్వరు కూడా” అన్నారు నాన్న, ఆస్పత్రి మంచం మీదనుంచి. నేను ఆ మాటని పట్టుకుని ఆగిపోయాను. అంత్యక్రియలు మున్సిపాలిటీవాళ్ళు చేశారు. నేను నాలుగు నిమిషాల వీడియో చూశాను.

వృత్తిరీత్యా నేను బ్యాకప్‌లు చూసే ఇంజనీర్ని. మరుసటేడు ఫోను మార్చినప్పుడు ఆ పదకొండు రోజుల వాయిస్ మెసేజిలు కొత్త ఫోనులోకి రాలేదు. కంపెనీ డేటా ఏడేళ్ళది తేదీలతో సహా తీసివ్వగలను. మా నాన్న గొంతు తీసివ్వలేను.

రాసిపెట్టండి

ఫిలడెల్ఫియా నుంచి వచ్చాక అమ్మని అడిగాను. మన ఇంట్లో 1918లో ఎవరికైనా జ్వరం వచ్చిందా అని. అమ్మ కాసేపు ఆలోచించి, “మీ తాతయ్యని కన్నతల్లి జ్వరాల యేడు పోయిందిట. అప్పటికాయన చంటిపిల్లాడు. నాకింతే తెలుసు. మీ నాన్నకి బాగా తెలుసు, చెబుతుండేవారు” అంది. చెబుతుండేవారు. నేను విని ఉండను, లేదా విని మరిచిపోయి ఉంటాను. ఆవిడ పేరు కూడా మాకు తెలియదు. నూరేళ్ళ కిందటి మహమ్మారి గురించి మా ఇంట్లో తెలిసిన ఒకే ఒక్క మనిషిని ఈ మహమ్మారి తీసుకుపోయింది.

అంకెలు ఉంటాయి కదా అంటారేమో. 2020, 2021 సంవత్సరాల్లో మనదేశంలో ప్రభుత్వం లెక్కలో పోయినవాళ్ళు 5 లక్షల లోపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో ప్రకటించిన అంచనా సుమారు 47 లక్షలు. మన ప్రభుత్వం ఆ లెక్కని ఒప్పుకోలేదు. అంకెల సంగతే ఇలా ఉంటే, మనిషి సంగతి ఎవరు చెబుతారు?

అందుకే ఈ సావనీర్ చదివేవాళ్ళని ఒక్కటే కోరుతున్నాను. రెండేళ్ళకోసారి మనం ఈ పుస్తకాల్లో కూచిపూడి గురించి, పద్యం గురించి, మన ఊళ్ళ గురించి రాసుకుంటాం. బాగుంది. వచ్చే సభల్లోగా ఇంటికి నాలుగు పేజీలు చొప్పున ఆ రెండేళ్ళ గురించి కూడా రాసుకుందాం. గొప్పగా ఉండక్కర్లేదు. ఏం వండుకున్నారో, ఎవరితో పోట్లాడారో, ఎవరికి ఫోన్ చెయ్యలేకపోయారో రాయండి. తేదీ వెయ్యండి. పేర్లు రాయండి. ముఖ్యంగా పెద్దవాళ్ళని ఇవాళే అడగండి.

నేను మొదలుపెట్టాను. ఆదివారాలు అమ్మ చెబుతుంది, నేను రాసుకుంటాను. ఈమధ్య ఓ రోజు తనే చెప్పింది. “ఆ ఏప్రిల్‌లో మీ నాన్న రోజూ సాయంత్రం గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారురా. మెయిన్‌ రోడ్డు మీద పోయే అంబులెన్సులు లెక్కపెట్టి లోపలికొచ్చి కేలండరు మీద గీతలు గీసేవారు. ఎందుకండీ అంటే చెప్పేవారు కాదు. ఇరవయ్యారో తారీఖు దాకా ఉన్నాయి. ఆ తరవాత లేవు.”

ఆ కేలండరు ఇంకా గోడకే ఉందట. తియ్యొద్దని చెప్పాను.