విశాఖ రేవు: నీటినుండి నేల

భిలాయి సెక్టరు 6 నుండి సముద్రము కానరాదు. అయినను ఇచ్చటి ఉక్కు కర్మాగారమునకు ముఖ్యమైన సముద్రద్వారము విశాఖపట్టణము. ఆ ద్వారము ప్రకృతి తెరచి యిచ్చినది కాదు.

డాల్ఫిన్ నోస్ కొండ చెంత, ఆటుపోటుల ఉప్పునీట మునిగి తేలు బురదనేల యుండెడిది. మధ్యపరగణాల మాంగనీసు ఎగుమతికి దగ్గరి రేవు కావలసియుండెను. కర్నల్ కార్ట్‌రైట్ రీడ్ చేసిన సూచనను భారత ప్రభుత్వము 1925లో అంగీకరించెను. ఓడలకై కాలువను, మడుగును త్రవ్వి, ఆ మన్నుతోనే ప్రక్కనున్న పల్లములను మెరక చేసిరి. ఒక్క పనితో నీటికి లోతును, మనుష్యులకు నేలయు లభించెను. తీరము వెంబడి కదలు ఇసుక ముఖద్వారమును పూడ్చకుండుటకై ‘జానస్’, ‘విల్లింగ్డన్’ అను రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా నిలిపిరి.

1931లో రాయపూరు–విజయనగరము రైలుమార్గము పూర్తియయ్యెను. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ ఓడ క్రొత్త రేవున ప్రవేశించెను. నిర్మాణమునకైన వ్యయము 378 లక్షల రూపాయలు. ఆ రేవుననే 1948 మార్చి 14న నెహ్రూ ‘జల ఉష’ నౌకను నీటికి విడిచెను.

1959 ఫిబ్రవరి 4న భిలాయి తొలి కొలిమిని రాజేంద్రప్రసాద్ ప్రారంభించెను. ఇచ్చటి ఇనుపరాయి ముఖ్యముగా దల్లీ-రాజహరాది; విదేశపు బొగ్గు మాత్రము చాలవరకు విశాఖలో దిగి రైలెక్కి వచ్చును. ఎన్నో తెలుగు కుటుంబములును ఆ దారినే వచ్చినవి.

విశాఖకు పోవు భిలాయివాసి సముద్రపుటొడ్డుతో తృప్తిపడక రేవును గూడ చూడవలెను. ఇసుక నేటికిని ఆగలేదు. త్రవ్వుట మానినచో ద్వారము పూడును. సాధించినదానిని నిలుపుకొనుట సాధించుటకంటె చిన్న పని కాదు.