‘కుదరదు’ అనడం నేర్చుకున్న కంప్యూటర్

పోయిన నెల ఒక రాత్రి, ఐదు నిమిషాల పనే కదా అని లాప్‌టాప్‌లో వీడియో ఎడిటర్ ఒకటి ఇన్‌స్టాల్ చేయబోయాను. నాది డెబియన్ లినక్స్. ఆప్ట్ కమాండ్ కొట్టగానే జవాబొచ్చింది: దీనికి ఫలానా లైబ్రరీ ఫలానా వెర్షన్ కావాలి, అది ఎక్కేలా లేదు. చివర్లో ఒక నింద కూడా: ‘యు హావ్ హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్’. చెడిపోయిన ప్యాకేజీలను నువ్వే పట్టుకుని కూర్చున్నావట. నేనేం పట్టుకోలేదు మహాప్రభో!

ఒంటిగంట రాత్రి చిరాకులో అందరూ చేసే తప్పే చేశాను. ప్యాకేజీ ఫైలు విడిగా దించుకుని, కింద పనిచేసే డీపీకేజీకి ‘ఫోర్స్ డిపెండ్స్’ అని చెప్పి బలవంతంగా ఎక్కించాను. ఎక్కింది. తెరవబోతే తెరుచుకోలేదు. పైగా ముందు ఈ చిక్కు తేల్చమని ఆప్ట్ మొండికేసింది. అప్పటిదాకా ఇంకేదీ ఇన్‌స్టాల్ చేయదట.

ఆ మొండితనం చరిత్ర చదివాక నా కోపం తగ్గింది.

1990ల మొదట్లో ఇలాంటి ఎర్రర్లు పెద్దగా రావు. 1992లో వచ్చిన ఎస్‌ఎల్‌ఎస్ లాంటి తొలి లినక్స్‌లు ఫ్లాపీల కట్టలుగా దొరికేవి. ఫైళ్లు డిస్కు మీద పరిస్తే ఇన్‌స్టాల్ అయినట్టే. దేనికి ఏది కావాలో గుర్తుపెట్టుకునే పని మనిషిదే. ప్రోగ్రాం నడుస్తుందా లేదా అన్నది నడిపి చూస్తేగానీ తెలీదు. కాదనే నోరు లేదు కాబట్టి కంప్యూటర్ అన్నిటికీ తలూపేది.

ఎస్‌ఎల్‌ఎస్‌తో విసిగిపోయిన వాళ్లలో పర్‌డ్యూ యూనివర్సిటీ విద్యార్థి ఇయాన్ మర్డాక్ ఒకడు. ఇరవై ఏళ్ల వయసులో, 1993 ఆగస్టు 16న, కొత్త లినక్స్ ఒకటి తయారుచేస్తున్నానని ప్రకటించాడు. స్నేహితురాలు డెబ్రా పేరూ తన పేరూ కలిపి దానికి డెబియన్ అని పెట్టాడు. వేరువేరు చేతులు రాసిన ప్రోగ్రాములన్నిటినీ ఒకదానితో ఒకటి పొసిగేలా కూర్చడం పేరు తెచ్చిపెట్టే పని కాదని తన మ్యానిఫెస్టోలో ఒప్పుకున్నాడు. అయినా ఎవరో ఒకరు చేయాలి కదా.

అలా పుట్టిందే డీపీకేజీ. 1994లో ఇయాన్ జాక్సన్ దాని ముఖ్య భాగాన్ని సీ భాషలో తిరగరాశాడు. డెబియన్ ప్యాకేజీలో కంట్రోల్ అనే చిన్న ఫైలు ఉంటుంది. అందులో ‘డిపెండ్స్’ అంటే అది లేనిదే నేను పనిచేయను. ‘రికమెండ్స్’ అంటే ఉంటేనే బావుంటుంది. ‘సజెస్ట్స్’ అంటే వీలుంటే చూడండి. ‘కాన్‌ఫ్లిక్ట్స్’ అంటే వాడొస్తే నేను రాను. ఇంట్లో పెళ్లి పిలుపుల లిస్టు రాసినవాళ్లకి ఇదేం కొత్త కాదు. కొత్తదల్లా ఒక్కటే: మనుషుల తలల్లో ఉన్న ఈ లెక్క కాగితం మీదికి వచ్చింది. రాసిపెట్టుకున్నాక, కుదరనప్పుడు కుదరదని చెప్పడం కంప్యూటర్‌కి సాధ్యమైంది.

అసలు పరీక్ష 1998లో వచ్చింది. డెబియన్ 2.0తో, దాదాపు ప్రతి ప్రోగ్రాం ఆధారపడే సీ లైబ్రరీ మారింది. పాతదానికి రాసినవీ కొత్తదానికి రాసినవీ ఒకే మెషీన్‌లో బతకాలి. ఏది ముందు ఎక్కించాలో, ఏది తర్వాతో తప్పితే సిస్టమే కూలుతుంది. 1996లో 474 ప్యాకేజీలతో వచ్చిన డెబియన్‌లో అప్పటికి 1500 పైనే ఉన్నాయి. వాటి వరుస మనిషి చేత్తో చూసుకునే రోజులు పోయాయి. 1999 మార్చిలో డెబియన్ 2.1తో పాటు ఆప్ట్ వచ్చింది. ఏం తక్కువైందో చెప్పి ఊరుకునేది డీపీకేజీ. ఆ తక్కువైనదాన్ని వెతికి, తెచ్చి, సరైన వరుసలో ఎక్కించేది ఆప్ట్.

అయితే ఈ వెతకడం తేలిక కాదు. ఇన్ని షరతులున్నప్పుడు ఒక ప్యాకేజీని అసలు ఎక్కించగలమా లేదా తేల్చడం ఎన్‌పీ-కంప్లీట్ సమస్య, అంటే ఇంజినీరింగ్‌లో మనం బట్టీపట్టి పరీక్షలో రాసిన సుడోకు, శాట్‌ల కోవలోది. దారి దొరకనప్పుడు, నువ్వే ఏదో ప్యాకేజీని కదలనివ్వకుండా ‘హోల్డ్’లో పెట్టుంటావని ఆప్ట్ అనుకుంటుంది. నా మీద పడ్డ నింద వెనకున్న కథ ఇదీ.

మర్నాడు పొద్దున్న ముందు ఆ బలవంతపు ప్యాకేజీని తీసేశాను. ‘ఆప్ట్ పాలసీ’ కమాండ్‌తో ఆ లైబ్రరీ ఏ మూలం నుంచి వచ్చిందో చూశాను. ఎప్పుడో రెండేళ్ల కింద ఏదో పనికోసం వేరే రిలీజ్ తాలూకు రిపాజిటరీ ఒకటి కలిపి మర్చిపోయాను. లైబ్రరీ అక్కడినుంచి వచ్చింది. ఎడిటర్ అడిగే వెర్షన్ వేరు. అంటే ఆప్ట్ మాటల్లో కొంత నిజముంది. పట్టుకుని కూర్చున్నది నేనే, ఆ సంగతి మర్చిపోయాను. ఆ లైను తీసేసి, లైబ్రరీని పాత వెర్షన్‌కి దించితే రెండు నిమిషాల్లో ఎడిటర్ ఎక్కింది.

మర్డాక్ 2015 డిసెంబరులో, 42 ఏళ్లకే పోయాడు. 2017లో వచ్చిన డెబియన్ 9ని ఆయనకే అంకితమిచ్చారు. తన పేరు తెచ్చిపెట్టదనుకున్న పనిలోనే ఆయన పేరు సగం ఉండిపోయింది. ఇప్పుడు ఆ ఎర్రర్ కనబడితే ఫోర్స్ కొట్టే ముందు ఒకసారి పూర్తిగా చదువుతున్నాను.